సముద్రం వైపు తిరిగిన బల్ల

ఆ ఊరి పేరు రాయను. కెనడాలో నోవా స్కోషియా తీరం పొడుగునా అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. చిన్న రేవు, ఎరుపూ పసుపూ రంగులేసిన చెక్క ఇళ్లు, ఒడ్డున పేర్చిన, లాబ్‌స్టర్లు పట్టే బుట్టలు, మిట్ట మీద ఓ తెల్లటి పాత చర్చి. బస్సుల్లో జనం దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు. మేమూ అంతే అనుకుని వెళ్లాం.

మావారు షాలేమ్ రాజు గారికి గుండెలో మూడు బ్లాకులు తేలాయి. సెప్టెంబరు ఇరవై మూడు, మంగళవారం బైపాస్ అని డేటిచ్చారు. ఆయన పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర, సముద్రం హోరు వినపడే ఊళ్లో. కెనడా వచ్చి పద్దెనిమిదేళ్లు. పెద్ద లేక్ ఒడ్డున ఏజాక్స్ అనే ఊళ్లో కాపురం, వాన్ అనే ఇంకో ఊళ్లో వేర్‌హౌస్ ఉద్యోగం. ఇన్నేళ్లలో నాకిది కావాలి అని ఆయన నోరు తెరిచి అడిగింది లేదు. డేటొచ్చిన రోజు మాత్రం అన్నం కలుపుతూ, "ఆపరేషన్ లోపు ఒక్కసారి సముద్రం చూడాలనుంది షెర్లీ. లేక్ ఎంత పెద్దదైనా ఉప్పు వాసన రాదు," అన్నారు.

డాక్టర్ని అడిగాను. బరువులెత్తకూడదు, ఎత్తులెక్కకూడదు, గుండెనొప్పి వస్తే కొట్టుకునే స్ప్రే ఎప్పుడూ జేబులో ఉండాలి, అంతే అన్నాడు. ఆ రాత్రే టికెట్లు బుక్ చేశాను. ఆలోచిస్తూ కూర్చోవడం నాకు చేతకాదు.

నలుగురం బయల్దేరాం. ఆయన, నేను, యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి జెస్లిన్, ఆయన అక్క జ్ఞానసుందరి వదిన. వదినది పాలకొల్లు. టీచరుగా రిటైరైంది. తమ్ముడి ఆపరేషన్ అని విజిటర్ వీసా మీద జూలైలోనే వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు బాగా అర్థమవుతుంది, మాట్లాడదు. ప్రార్థన లేకుండా కారు కూడా స్టార్ట్ చేయనివ్వదు.

హాలిఫాక్స్‌లో విమానం దిగి కారు అద్దెకి తీసుకున్నాం. జెస్లిన్ డ్రైవింగ్.

"ఈ పిల్ల నడుపుతుంటే నాక్కూడా బ్లాకులొచ్చేలా ఉన్నాయి," అంది వదిన వెనక సీట్లోంచి.

"అత్తమ్మా, ఐ కెన్ హియర్ యూ."

"వినాలనే అంటున్నా."

మావారు నవ్వారు. అద్దం దించి మొహం బయటికి పెట్టి, ఆ ఉప్పుగాలిని మందు తాగినట్టు పీల్చుకుంటూ కూర్చున్నారు. ఆ గంటన్నరసేపూ అంతా బాగానే ఉంది.

ఊళ్లో నెమ్మదిగా తిరిగాం. ఆయన కనపడిన ప్రతి బెంచీ మీదా కూర్చునేవారు. రేవులో పడవల్ని చూపించి ఇది దేనికి, అది దేనికి అని జెస్లిన్‌కి చెప్పారు. మధ్యాహ్నం చేప వేపుడు తిన్నాం. వదిన రెండు ముక్కలు తిని పళ్లెం పక్కకి నెట్టింది. "కారం లేదు, పులుపు లేదు. దీనికోసమా పాపం ఈ చేప చచ్చింది," అంది.

మూడున్నరకి మిట్ట మీది చర్చికి వెళ్లాం. మిట్ట అంటే పెద్ద ఎత్తేం కాదు, కారు గుమ్మం దాకా పోతుంది. ఇప్పుడక్కడ ఆరాధనలేం జరగవు, ఊరివాళ్లు మ్యూజియంలా చూసుకుంటున్నారు. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. మావారు బయట గోడ పక్క ఎండలో నిలబడి ఫొటోలు తీస్తానన్నారు. జెస్లిన్‌ని ఆయన దగ్గరే ఉండమని చెప్పి నేనూ వదినా లోపలికెళ్లాం.

పాత చెక్క వాసన. మైనం వాసన. ఆ రెంటి కిందా ఇంకోటి, తడిసిన మోకుని మూలన పడేస్తే వచ్చే ముక్కిన వాసన. బల్లలన్నీ వేదిక వైపు తిరిగి ఉన్నాయి. ఒక్క బల్ల మాత్రం ఎడమ గోడ వారగా, కిటికీ కింద, సముద్రం వైపు తిరిగి ఉంది. పొట్టి బల్ల. ఒక మనిషి పట్టేంత మేర మధ్యలో అరిగి గుంట పడింది. పక్కన గోడకి ఓ చిన్న బోర్డు ఉంది. బోర్డులు చదివే ఓపిక నాకు లేదు. ఎక్కడికెళ్లినా జెస్లిన్ చదివి రెండు ముక్కల్లో చెప్పాలి. ఆ రోజు జెస్లిన్ బయటుంది.

"మందిరంలో అడుగుపెట్టాం. ప్రార్థన చేసుకుని పోదాం," అంది వదిన.

"చేయండి వదినా."

"నేను రోజూ చేస్తూనే ఉన్నా. భార్యవి నువ్వు. నోరు తెరిచి నువ్వడగాలి."

వాదించడం కంటే చేసేయడమే తేలిక. తలుపుకి దగ్గరగా ఉన్నది ఆ కిటికీ కింది బల్లే. వెళ్లి కూర్చున్నాను. చున్నీ తల మీదకి లాక్కున్నాను. మా వైపు ఆడవాళ్లం ప్రార్థనకి తల కప్పుకుంటాం, చిన్నప్పట్నించీ అలవాటు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను.

"ప్రభువా, నా భర్త షాలేమ్ రాజుని..."

"ఇంటిపేరుతో చెప్పు," అంది వదిన వెనక నించి. "లోకంలో ఎంతమంది రాజులు లేరు!"

"కొల్లాబత్తుల షాలేమ్ రాజుని నీ చేతికి అప్పగిస్తున్నాను. ఇక ఆయన నీ వాడు. నువ్వే చూసుకో. ఆమెన్."

మా సంఘంలో అందరం ఇలాగే ప్రార్థిస్తాం. ప్రయాణమైనా, పరీక్షైనా, ఆపరేషనైనా పేరు చెప్పి అప్పగిస్తాం. ఇందులో తప్పేముంది?

కళ్లు తెరిచేసరికి కిటికీలో సముద్రం లేదు. తెల్లగా ఉంది. గాజుకి అవతల ఎవరో దుప్పటి ఆరేసినట్టు, పొగమంచు. అరనిమిషం కిందట ఎండ కాస్తోంది.

"ఎవరికోసం కూర్చున్నారు?"

ఉలిక్కిపడ్డాను. ద్వారం దగ్గర ఓ పెద్దావిడ, ఉన్ని కోటు, మెడలో తాళంచెవుల తాడు. విన్నీ అని బ్యాడ్జీ మీద ఉంది. చర్చి చూసుకునే మనిషి. ఆమె చూపు నా తల మీది చున్నీ మీదే ఉంది.

"మా ఆయన కోసం," అన్నాను.

ఆమె దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి. "మీ భర్త పోయినందుకు చాలా బాధగా ఉందమ్మా," అంది.

"పోవడమేంటి? బయట ఫొటోలు తీసుకుంటున్నారు."

విన్నీ నా చెయ్యి వదిలేసింది. ఆ వదలడం ఇప్పటికీ గుర్తుంది. వేడి గిన్నెని వదిలేసినట్టు.

"పేరు చెప్పారా?" అంది. "పైకి? పూర్తి పేరు?"

"చెప్పాను. ఏం?"

ఆమె బోర్డు వైపు ఒకసారి చూసి చెప్పింది. వెనకటి రోజుల్లో సముద్రంలోకి వెళ్లిన మగవాళ్లు తిరిగి రాకపోతే, వాళ్ల ఆడవాళ్లు తలమీద ఏమీ లేకుండా రేవులో ఎదురుచూసేవారట. శవం దొరకదు. పోయాడని నమ్మబుద్ధి కాదు. కానీ సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో తడి మనిషి నిలబడేవాడట, లోపలికి రాలేక, వెనక్కి పోలేక. భరించలేని రోజు వచ్చినప్పుడు ఆ ఆడమనిషి తలకి ముసుగేసుకుని వచ్చి, ఈ బల్ల మీద కూర్చుని, అతని పేరు పైకి చెప్పి, ఇక వీడు నీవాడు అని ఇచ్చేసేదట. ఆ తర్వాత గుమ్మంలోకి ఎవరూ వచ్చేవారు కాదు.

"ఎవరికి ఇచ్చేది? దేవుడికే కదా?" అన్నాను.

విన్నీ కిటికీ వైపు చూసింది.

"బతికున్నవాణ్ణి ఇస్తే?" ఆ మాట అడిగింది నేను కాదు, వదిన. ఆవిడ ఇంగ్లీషు మాట్లాడ్డం ఇన్నేళ్లలో వినడం అదే మొదటిసారి.

"ఒక్కసారి జరిగిందని మా నాయనమ్మ అనేది. పడవ ఆలస్యమైందంతే. ఆ పిల్ల తొందరపడింది. మర్నాడు అతను నిక్షేపంగా తిరిగొచ్చాడు. భోజనం చేశాడు. చెయ్యి కడుక్కుని బయటికెళ్లాడు." విన్నీ గొంతు తగ్గించింది. "వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. పేరుకి బదులు ఇంకో పేరిచ్చి మార్చుకోవచ్చనేవారు. అది నేను ఎవరికీ చెప్పకూడదు. ఇప్పుడు చెప్పాను."

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. డెంటల్ ఆఫీసులో ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తాను. కాగితం ఉంటే నమ్ముతాను, లేకపోతే లేదు. థాంక్స్ చెప్పి చున్నీ తీసి మెళ్లో వేసుకుని బయటికొచ్చాను.

గోడ పక్కన ఎవరూ లేరు.

జెస్లిన్ కారు దగ్గర్నించి రెండు కాఫీ కప్పులతో వస్తోంది. "హీ వాజ్ రైట్ హియర్, మమ్మీ. రెండే నిమిషాలు... ఐ స్వేర్."

మంచు ఎంత దట్టంగా ఉందంటే, చాచిన నా చెయ్యి మణికట్టు దాకానే కనపడుతోంది. ఎక్కడో నీళ్లమీద తేలే గంట ఒకటి అల వచ్చినప్పుడల్లా మోగుతోంది. ఏవండీ, ఏవండీ అని అరిచాను. మంచు నా గొంతుని నా దగ్గరే ఉంచేసింది. బాట పట్టుకుని కిందికి దిగాం. పడవల్ని నీళ్లలోకి దించే సిమెంటు వాలు దగ్గర ముందు బూట్లు కనపడ్డాయి. నీటి అంచున, పక్కపక్కన, చక్కగా సర్ది ఉన్నాయి. లోపల సాక్సులు మడిచి పెట్టి ఉన్నాయి. ఎవరింటికో వెళ్లి గుమ్మం బయట విప్పినట్టు.

ఆయన మోకాళ్ల లోతులో నిలబడి ఉన్నారు. మాకు వీపు పెట్టి.

"ఏవండీ!"

తిరిగి చూశారు. మొహంలో భయం లేదు. కొంచెం మొహమాటం ఉంది. "పిలుస్తున్నారు షెర్లీ," అన్నారు.

"ఎవరు?"

"వాళ్లే. పిలిచాక పోకపోతే ఏం బాగుంటుంది?"

జెస్లినూ నేనూ నీళ్లలోకి దిగి చెరో రెక్కా పట్టుకుని లాగాం. బరువులెత్తకూడదన్నారుగానీ, ఆయన్నే ఎత్తి తేవలసివచ్చింది. ఆయన ఒళ్లు చల్లగా లేదు. అదే నాకు నచ్చలేదు. అంత చల్లటి నీళ్లలో ఆయన కాళ్లు వెచ్చగా ఉన్నాయి.

ఆయన్ని మెల్లగా కారు దాకా నడిపించి, వెంటనే వెళ్లిపోదామన్నాను. జెస్లిన్ కారెక్కి లైట్లేసి దిగింది. కళ్లనిండా నీళ్లు. "ఐ కాంట్ సీ ద హుడ్, మమ్మీ. మనం తిన్నగా సముద్రంలోకి పోతాం." రాత్రికి గది తీసుకున్న గెస్ట్‌హౌస్ నాలుగిళ్ల అవతలే ఉంది. గోడలు తడుముకుంటూ అక్కడికి చేరాం. ఇంటివాళ్లు తాళంచెవి పూలకుండీలో పెట్టి పట్నం వెళ్లారు. ఇంట్లో మేం నలుగురమే.

ఆరింటికే చీకటి పడ్డట్టయింది. ఫోన్లో సలహా చెప్పే నర్స్ లైనుకి ఫోన్ చేశాను. నీరసం, కంగారు అయ్యుంటుంది, ఛాతీలో నొప్పి వస్తే అంబులెన్స్‌కి ఫోన్ చేయమన్నారు. నొప్పేమీ లేదు. నాడి చూశాను, బాగుంది. ఆయన మంచం అంచున పొడి బట్టల్లో బుద్ధిగా కూర్చున్నారు. అప్పుడప్పుడు తలెత్తి గోడ వైపు చూసి...

"ఆఁ... వస్తున్నా."

మేం ఎవరం పిలవలేదు.

"డాడీ, హూ ఆర్ యూ టాకింగ్ టు?"

"భోజనాలకి లేటవుతోందంటున్నారమ్మా."

జెస్లిన్ నా వెనక్కి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ల పిల్ల, నా జాకెట్టు అంచు పట్టుకుంది.

మొదటిసారి ఆయన లేచి తలుపు వైపు నడిస్తే పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. రెండోసారి మెట్ల దాకా వెళ్లారు. మూడోసారి పట్టుకుంటే నన్ను పక్కకి జరిపారు. కోపంగా కాదు. కుర్చీని జరిపినట్టు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన నన్నలా ముట్టుకోలేదు. అప్పుడు నమ్మాను. కాగితం అవసరం లేకపోయింది.

చున్నీ తీసి ఒక కొస ఆయన మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి ముడేశాను. మంచం కోడుకి కాలు తన్నిపెట్టి నేల మీద కూర్చున్నాను. ఆయన లాగుతున్నారు. మెల్లగా... ఆగకుండా... మోకుకి కట్టిన పడవ లాగినట్టు. ముడి బిగుసుకుంటోంది. నా వేళ్లు నల్లబడుతున్నాయి.

కింద ఏదో చప్పుడు. వీధి తలుపు తట్టడం కాదు. తలుపుకి ఎవరో భుజం ఆనించి నిలబడితే చెక్క కిర్రుమంటుందే... ఆ చప్పుడు. ఒకచోట కాదు. గోడ పొడుగునా... అటు... ఇటు... చాలామంది ఆనుకున్నట్టు.

తడి మోకు వాసన మెట్లెక్కి వచ్చింది.

"అత్తమ్మ ఏది?" అంది జెస్లిన్, గుసగుసగా.

చూశాను. వదిన గదిలో లేదు. ఎప్పుడు వెళ్లిందో తెలీదు. ఆవిడ చెప్పులు లేవు.

వెతకడానికి లేవలేను. లేస్తే ఈయన పోతారు. జెస్లిన్‌ని ఆ తలుపు తీసి బయటికి పంపలేను. పళ్లు బిగించి కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. ఆయన లాగుతూనే ఉన్నారు. నా భుజం కీలు ఊడి వస్తుందనుకున్నాను. ఇక వదిలేస్తానేమో... వదిలేస్తే నొప్పి పోతుంది కదా... అనిపించిన క్షణం ఒకటుంది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

ఉన్నట్టుండి చున్నీ వదులైంది.

ఆయన మంచం మీద కూలబడి, ముడి వైపు చూసి, నా వైపు చూసి, "ఇదేంటి షెర్లీ? ఆకలేస్తోంది," అన్నారు.

గోడల చప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి అవతలి ఇంటి దీపం కనపడింది. ఒడ్డున ఒక్కొక్క దీపమే బయటపడింది.

పావుగంటకి వదిన వచ్చింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. తలమీద కొంగు అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి తమ్ముణ్ణి చూసి, గట్టిగా ఊపిరి తీసుకుని, "అన్నం పెట్టావా వాడికి?" అంది.

జెస్లిన్ తండ్రి పక్కన కూర్చున్నాక, వదినని నడవలోకి లాగాను.

"చర్చికెళ్లారా?"

"వెళ్లా. ఆ ముసలావిడ తలుపు తీసే ఉంచింది."

"ఎవరి పేరిచ్చారు?" ఆవిడ భుజం పట్టుకున్నాను. "వదినా... మీ పేరేనా?"

"నా పేరిస్తే నేనిక్కడెందుకుంటా? నాకేం పిచ్చా?" అంది. క్లాసులో లెక్క సరిగ్గా చేసిన పిల్లలా ఆవిడ కళ్లల్లో ఓ మెరుపుంది. "ఎవరి పేరూ ఇవ్వలేదు. లేని పేరిచ్చా."

"లేని పేరంటే?"

"కల్పించా. మన ఇళ్లల్లో లేదు, మన సంఘంలో లేదు, నేను నలభై ఏళ్లు హాజరు పిలిచిన పిల్లల్లో లేదు. ఇప్పుడు టీవీలో పెడుతున్నారే, అలాంటి కొత్త పేరు. ఇషిత. ఇంటిపేరు లేకపోతే తీసుకోదేమోనని అదీ కట్టా. గుండేటి. తమ్ముడి గుండె గురించే ఆలోచిస్తున్నాను కదా, నోటికదే వచ్చింది." ఆవిడ కొంగు దించింది. "గుండేటి ఇషిత. ఎక్కడుంది? ఎక్కడా లేదు. వెతుక్కోనీ."

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. ఇద్దరం నడవలో గోడకానుకుని, నోటికి చేతులడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఎండ కాస్తోంది. మిట్ట కింద విన్నీ నిలబడి ఉంది. మా కారు చూసి చెయ్యి ఊపలేదు.

ఏజాక్స్ వచ్చి పనుల్లో పడ్డాం. బ్లడ్ టెస్టులు, ఫారాలు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సంచి. ఆయన హాయిగా ఉన్నారు. తింటున్నారు, పడుకుంటున్నారు, అక్కతో పోట్లాడుతున్నారు. సోమవారం మధ్యాహ్నం సంఘంలో ఆయన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. వదినని జెస్లిన్ తీసుకెళ్లింది. ఆయన మేడ మీద మాత్ర వేసుకుని నిద్రపోతున్నారు. మర్నాడు ఉదయం ఐదున్నరకి ఆసుపత్రిలో ఉండాలి.

నాలుగింటికి బెల్ మోగింది.

తీశాను. ఇరవై రెండేళ్లుంటాయేమో, సన్నటి పిల్ల. వీపున బ్యాగు, పక్కన చక్రాల పెట్టె. కాఫీ షాపు యూనిఫాం మీద జాకెట్టు.

"నమస్తే ఆంటీ. బేస్‌మెంట్ రూమ్ కోసం వచ్చిన."

"మేం అద్దెకివ్వమమ్మా. ఎవరు చెప్పారు?"

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అయ్యో. మీ అడ్రసే ఆంటీ, ఇదిగో రాసుకున్న. నిన్న కాల్ వచ్చింది నాకు. రూమ్ ఉంది, రేపు నాలుగింటికి రమ్మన్నరు. ఉన్న రూమ్ పొద్దుగాలే ఖాళీ చేసి వచ్చిన."

"ఎవరు ఫోన్ చేసింది?"

"ఎవరో ఆడమనిషి. మాట సరిగ్గ వినపడలే ఆంటీ, వెనకాల ఒకటే హోరు. నా పేరు మాత్రం మంచిగ పలికిండ్రు, ఇంటిపేరుతో సహా. తెలిసినవాళ్లే ఉంటరనుకున్న." నేను నమ్మడం లేదనుకుందేమో, గబగబా జేబులోంచి కాలేజీ కార్డు తీసి నా మొహం ముందు పెట్టింది. "ఐడీ చూడండి ఆంటీ. మాది జగిత్యాల."

చూశాను. గుండేటి ఇషిత. ఫొటోలో నవ్వుతోంది.

తలుపు గొళ్లెం మీద నా చెయ్యి ఉంది. నా బుర్ర బాగానే పనిచేస్తోంది. ఈ పిల్లని లోపలికి పిలవాలా? పిలిస్తే పైన ఆయన ఉన్నారు. పంపేయాలా? పంపిస్తే ఎక్కడికి పోతుంది? ఈ పిల్లకి ఏం చెప్పాలి? నీ పేరు మేం సముద్రానికిచ్చాం అని చెప్పాలా? చెప్పి, తప్పు దిద్దుకుని, ఆ పేరు వెనక్కి అడిగితే... రేపు ఉదయం ఐదున్నరకి ఎవర్ని తీసుకెళ్లాలి నేను?

"మిల్టన్‌లో మాకు తెలిసినవాళ్లున్నారు," అన్నాను. "సుగుణ గారని. వాళ్లకి ఖాళీ ఉండొచ్చు. నంబరిస్తాను, ఇప్పుడే వెళ్లు. ఈ పక్క ఎక్కడా ఆగకు."

"థాంక్స్ ఆంటీ. మస్తు హెల్ప్ చేసిండ్రు." నంబరు ఫోన్లో ఎక్కించుకుంది. పెట్టె లాక్కుంటూ మెట్లు దిగింది.

మా ఇంటి నించి బస్టాపుకి ఎడమవైపు వెళ్లాలి. కుడివైపు వెళ్తే వీధి అయిపోతుంది. తర్వాత గడ్డి, రాళ్లు, లేక్.

ఆ పిల్ల కాలిబాట మీద ఆగింది. ఎవరో పిలిస్తే ఆగినట్టు. తలెత్తి చూసింది. కుడివైపు తిరిగింది.

అమ్మాయ్, బస్టాపు ఇటు. అనాల్సింది మూడు ముక్కలే. నేను మాట్లాడలేని మనిషిని కాను, మా ఆఫీసులో అందరూ నా నోటికి భయపడతారు. నోరు తెరిచాను కూడా. పెట్టె చక్రాల చప్పుడు దూరమవుతోంది. కాలిబాట అయిపోయింది కాబోలు... చక్రాల చప్పుడు ఆగి, గడ్డి మీద ఈడ్చిన చప్పుడు మొదలైంది.

తలుపేశాను. గొళ్లెం పెట్టాను. మేడ మీదకెళ్లి చూశాను. ఆయన గాఢనిద్రలో ఉన్నారు, గోడ వైపు తిరిగి.

వదినకి చెప్పలేదు. జెస్లిన్‌కి చెప్పలేదు. సుగుణ గారికి ఫోన్ చేసి, ఎవరైనా వచ్చారా అని అడగలేదు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. చాలా బాగా జరిగిందన్నాడు సర్జన్. ఇంత సాఫీగా జరగడం అరుదు అని కూడా అన్నాడు. వదిన అక్కడే నేల మీద మోకరించి స్తోత్రం చెప్పింది. మర్నాడు ఊపిరి గొట్టం తీసేశాక ఒక్కరినే లోపలికి పంపారు. వెళ్లాను. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తడి గుడ్డతో తుడిచాను. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టారు. వేళ్లు కదిపితే చెయ్యి పట్టుకున్నాను. ఏదో అంటున్నారు. చెవి దగ్గర పెట్టాను.

"ఆ పిల్లకి ఏమన్నా పెట్టావా షెర్లీ?" అన్నారు. "నించునే ఉంది. పాపం, బాగా తడిసిపోయింది."